‘అది చర్చి కాదని కాయితం కావాలె’: హనుమకొండ నుంచి ఒక కేసు

ఈ కేసులో ఉన్నవాళ్ళను అడిగే రాస్తున్నాను. పేర్లు తీసేశాను, ఇండ్ల ఆనవాళ్ళు కొంచెం జరిపాను. చట్టం సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. ఇట్లాంటి కక్షిదారు ఏదో ఒకరోజు మన జూనియర్లకూ ఎదురవుతాడు కాబట్టి నేను చేసిన తప్పుతో సహా చెప్తాను.

అదాలత్ దగ్గర మా ఆఫీసు మెట్లు ఎక్కేసరికి పెద్దాయనకు ఆయాసం వచ్చింది. కాజీపేట లోకో షెడ్డులో పనిచేసి రిటైరయిన మనిషి. చంకలో గోధుమరంగు ఫైలు. కూర్చోకముందే అడిగాడు.

“సార్, గది చర్చి కాదని కోర్టు నుంచి ఒక కాయితం కావాలె. ఎంతయితది?”

‘గది’ అంటే మామునూరు దారిలో ఉన్న ఒక రేకుల షెడ్డు. ఎనిమిదేండ్ల కింద మొదలైన సంఘం. ఆదివారం కాదు, శనివారం ఆరాధన. క్రిస్మస్ చెయ్యరు. సంఘం పెట్టిన అయ్యగారికి కలలో వాక్కు వస్తుందని నమ్ముతారు. పెద్దాయన బిడ్డ ములుగు రోడ్డులో ఒక దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్, రెండేండ్ల నుంచి అక్కడికే పోతోంది. మందిరం జాగ కోసం బంగారం కుదువబెట్టి మూడు లక్షలు ఇచ్చింది. ఇప్పుడు ఆ సంఘం పిల్లగాణ్ణే, ఆ షెడ్డులోనే, ఆ అయ్యగారి చేతులమీదుగానే పెండ్లి చేసుకుంటానంటోంది. పెద్దాయనది మిషనరీల కాలం నుంచి ఉన్న సంఘం. రాతి కట్టడం, గంట, సమాధుల తోట అన్నీ ఉన్నాయి. “గంట లేని చర్చి ఏంది సార్? గది కంపెనీ” అన్నాడు.

అట్లాంటి కాయితం ఏ కోర్టూ ఇవ్వదని చెప్పాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 9 కింద ఆస్తి హక్కో పదవి హక్కో ముడిపడితేనే కోర్టు మతం గొడవలోకి వస్తుంది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 34 కింద డిక్లరేషన్ అడగాలంటే ముందు మన హక్కు ఏదో ఒకటి దెబ్బతినాలి. ఇరవై ఏడేండ్ల బిడ్డ ఎక్కడ ప్రార్థన చేసుకోవాలన్నది తండ్రి హక్కు కాదు. ఈ చివరి మాట నేను కొంచెం మెత్తగా చెప్పాల్సింది. ఆయన ముఖం మాడిపోయింది.

అప్పుడు ఫైలులోంచి రెండో కాయితం తీశాడు. డల్లాస్‌లో ఉండే అక్క కొడుకు పంపించాడట. అమెరికా పన్నుల శాఖ ఏది చర్చి, ఏది కాదు అని తేల్చుకోవడానికి వాడే పద్నాలుగు గుర్తులు. చట్టబద్ధమైన ఉనికి ఉందా, తనదంటూ విశ్వాస ప్రమాణం ఉందా, చరిత్ర ఉందా, నిర్ణీత చదువు చదివి అభిషేకం పొందిన బోధకులు ఉన్నారా, సొంత సాహిత్యం, స్థిరమైన ఆరాధన స్థలం, క్రమంగా వచ్చే సభ్యులు, పిల్లలకు సండే స్కూలు ఉన్నాయా... ఇట్లా సాగుతుంది. పెద్దాయన ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టుకొని వచ్చాడు. షెడ్డుకు పద్నాలుగింట ఐదు.

“పాస్ మార్కులు గూడ రాలె సార్.”

నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. ఆ జాబితా అమెరికాలో పన్ను మినహాయింపు కోసం పుట్టింది. ఏ ఒక్క గుర్తుతోనూ తేల్చెయ్యలేమని ఆ శాఖే చెప్పుకుంటుంది. మన దగ్గర దానికి చెల్లుబాటు లేదు. అయినా ఆయన పెన్నే తీసుకొని, అదే జాబితాలో భక్త్‌సింగ్ గారి సహవాసాన్ని పెట్టి చూడమన్నాను. హైదరాబాద్ హెబ్రోను నుంచి ఊరూరికీ పాకిన ఆ సంఘాల్లో అభిషేకం పొందిన పాదిరీ ఉండడు, జీతం ఉండదు, డినామినేషన్ (మతశాఖ) అనే మాటే ఒప్పుకోరు. డోర్నకల్ దగ్గర మా ఇంట్లో మా తాత వాళ్ళను ‘సంఘం కాదు, గుంపు’ అనేవాడు. భక్త్‌సింగ్ గారు 2000లో పోయారు. ఇప్పుడు ఎవరూ ఆ మాట అనరు. 1938లో దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘం విడిచి రాజమండ్రిలో బైబిలు మిషను మొదలుపెట్టినప్పుడు ఆ కాలంవాళ్ళకూ అది కొత్తదే. మా తాత గొప్పగా చెప్పుకున్న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయినా 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పుట్టింది, అంటే తాతకన్నా చిన్నది. ఇదంతా విని పెద్దాయన “అయితే అన్నీ కరెక్టేనా సార్? ఎవడు షెడ్డు ఏస్తే వాడే పాస్టరా?” అన్నాడు. ప్రశ్న న్యాయమైందే. నా దగ్గర అప్పటికి జవాబు లేదు.

కోర్టులకైనా ఈ ప్రశ్న తేలిగ్గా తేలలేదు. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు మతశాఖ అంటే ఏమిటో చెప్పడానికి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తెరవాల్సి వచ్చింది. ఉమ్మడి విశ్వాసం, ఉమ్మడి వ్యవస్థ, ప్రత్యేకమైన పేరు: ఈ మూడే అప్పటినుంచి మనకు కొలబద్ద. 1955లో పుట్టిన ఆనందమార్గం విషయంలో 1983లో అదే కోర్టు, వేరే మతం కాదు గానీ మతశాఖే అన్నది. కానీ పుర్రె, కత్తి పట్టుకొని వీధిలో చేసే తాండవ నృత్యం 1966లో వచ్చి చేరిందనీ, శాఖ అంతకుముందే ఉందనీ చెప్పి, దాన్ని తప్పనిసరి ఆచారంగా ఒప్పుకోలేదు. కొత్తదనమే అక్కడ నేరమైంది. వెయ్యేండ్ల కింద చేర్చుకున్న ఆచారానికి ఈ పరీక్ష ఎవరు పెడతారు? ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు ఇదే అనుమానం.

పెద్దాయనకు మాత్రం లండన్ కథ చెప్పాను, అందులో పెండ్లి ఉంది కాబట్టి. సైంటాలజీ అనే కొత్త సంస్థ వాళ్ళ చాపెల్ (ప్రార్థన మందిరం) ఆరాధన స్థలమే కాదని 1970లో అప్పీలు కోర్టులో లార్డ్ డెన్నింగ్ తీర్పు చెప్పాడు. దేవుడి మీద భక్తి కనపడాలి, అక్కడున్నది తత్వం అన్నాడు. నలభై మూడేండ్ల తర్వాత లూయీసా హాడ్కిన్ అనే అమ్మాయి తన పెండ్లి లండన్‌లోని సైంటాలజీ చాపెల్లోనే జరగాలని పట్టుబట్టింది. 2013 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు ఐదుగురూ ఒక్కమాటగా పాత తీర్పు తోసిపుచ్చి, మతమంటే దేవుడు ఉండే తీరాలన్న షరతు పెట్టలేమన్నారు. అదే సంస్థను ఫ్రాన్స్‌లో 2009లో మోసం కేసులో దోషిగా తేల్చారు. మతమా కాదా అన్నది ఒక ప్రశ్న, మోసం చేసిందా లేదా అన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలిపి అడిగితే ఒక్కదానికీ జవాబు దొరకదు.

ఈ వాక్యం చెప్తూ చెప్తూనే నాకు నేను చెయ్యాల్సిన పని తట్టింది.

షెడ్డుకు పోయిన రోజు

మరుసటి శనివారం బిడ్డకు ముందే ఫోన్ చేసి పోయాను. “రండి అంకుల్, మా డాడీని గూడ తీస్కరండి” అంది. డాడీ రాలేదు.

పత్తి మిల్లు గోడ పక్కన షెడ్డు. గుమ్మం బయట చెప్పుల కుప్ప, లోపల చాపల మీద డెబ్బై మంది. ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీలు, ఇండ్లల్ల పనిచేసే ఆడవాళ్ళు, ఒకరిద్దరు చదువుకున్న పిల్లలు. మైకు ఎకో చెవులు చిల్లులు పొడిచింది. ఆ అయ్యగారు ఒకప్పుడు లారీ డ్రైవరు. ప్రసంగం మన యాసలోనే, గంటన్నర. తర్వాత పప్పుచారుతో భోజనం.

భోజనాలయ్యాక లెక్కల పుస్తకం అడిగాను. తిట్టుకుంటారనుకున్నా, తెచ్చి ముందర పెట్టారు. రాసేది ఒక అంగన్‌వాడీ ఆయా. ప్రతి శనివారం కానుక ఎంత, దశమభాగం ఎవరు ఎంత, కరెంటు బిల్లు, మైకు మరమ్మతు, అయ్యగారి ఇంటి ఖర్చు నెలకు తొమ్మిది వేలు, కింద ఇద్దరి సంతకాలు. కొన్ని పెద్ద సంస్థల ఆడిట్ రిపోర్టులు నేను చూశాను. వాటికన్నా ఈ నోటుబుక్కు నయం.

చెడ్డ సంగతులు తర్వాత బయటపడ్డాయి. జనం డబ్బుతో కొన్న రెండు వందల నలభై గజాల జాగ అయ్యగారి భార్య, అంటే అమ్మగారి పేరు మీద రిజిస్టరయింది. సంఘం సొసైటీల చట్టం, 2001 కింద రిజిస్టరయిందే గానీ, కావాల్సిన ఏడుగురు సభ్యుల్లో ఐదుగురు ఒకే ఇంటివాళ్ళు. ఏటా జిల్లా రిజిస్ట్రారుకు ఇవ్వాల్సిన కమిటీ జాబితా ఒక్కసారీ ఇవ్వలేదు. సంఘం పేరున పాన్ కార్డు లేదు, డబ్బంతా అయ్యగారి సొంత ఖాతాలోకే.

జాగ సంగతి అడిగితే, “చర్చికంటే ఎవ్వరు అమ్మలే సార్. మా ఇంటామె పేరు మీదంటే అమ్మిండ్రు” అన్నాడు. అబద్ధం కాకపోవచ్చు, చుట్టుపక్కల అట్లాంటి అనుభవాలు చాలామందికి ఉన్నాయి. కానీ రేపు ఆ దంపతులకు ఏదన్నా అయితే వాళ్ళ పిల్లలకు పోయే ఆస్తి అది. ఇంకొకరి డబ్బుతో కొని తన పేరున పెట్టుకుంటే బినామీ చట్టం మాట కూడా వస్తుంది. ధర్మకర్తగా మాత్రమే పట్టుకున్నానని రాసిస్తే దానికి ఒక దారి ఉంది. అమ్మగారు ఆ పూటే ఒప్పుకుంది. అయ్యగారే “ప్రార్థన చేసి చెప్త” అన్నాడు.

సభ్యుల రిజిస్టరు లేదు. పెద్దాయన జాబితాలో ఇదొక పెద్ద ఎర్ర ఇంటు గుర్తు. ఇక్కడ మాత్రం నేను షెడ్డు పక్షమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు, క్రైస్తవులు చేరలేదు. మన దగ్గర ఎస్సీ కులాల నుంచి క్రైస్తవం తీసుకున్నవాళ్ళు బీసీ-సీ కిందికి వస్తారు. బాప్తిస్మం తీసుకున్నాక ఎస్సీ సర్టిఫికెట్ కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. ఆ షెడ్డులో కూర్చున్న డెబ్బై మందిలో ఎంతమంది పిల్లల హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు ఆ ఒక్క కాయితం మీద ఉన్నాయో ఊహించుకోండి. పేరు రాయించుకోవడానికి ఎవరూ ముందుకు రారు. రిజిస్టరు లేకపోవడానికి కారణం దొంగతనం ఒక్కటే కానక్కరలేదు.

ఒక్క విషయంలో నేను తటస్థంగా ఉండలేకపోయాను. ఆరోజు సాక్ష్యాల్లో ఒకతను లేచి, టీబీ గోలీలు మానేశాను, ప్రభువు ముట్టిండు అన్నాడు. చప్పట్లు కొట్టారు. బయటికొచ్చాక అయ్యగారిని పక్కకు పిలిచి, గోలీలు మానమని మీరు చెప్పారా అని అడిగాను. “నేను చెప్పలే సార్” అన్నాడు. “చప్పట్లయితే మీరే కొట్టించిండ్రు గద” అన్నాను. మళ్ళీ ఇట్లా జరిగితే నేనే పోలీసు ఠాణాకు పోతానని కూడా చెప్పాను. ఆ మాట నిలబడి విన్నది పెద్దాయన బిడ్డ. సోమవారం ఆమే అతణ్ణి ఎంజీఎం దవాఖానకు తీసుకపోయి గోలీలు మళ్ళీ మొదలుపెట్టించింది. తర్వాతి శనివారం మైకులో ఆ మాట ఆమెతోనే చెప్పించారు.

ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి రెండు ప్రశ్నలే అడిగాను. రేపటి నుంచి పైసలు ఇవ్వడం ఆపితే ఏమవుతుంది? రావడమే ఆపితే?

“పైసలు నిరుడు ఆర్నెల్లు ఇయ్యలే అంకుల్, ఎవ్వరు అడగలే. రాకుంటే మాత్రం ఇంటికొస్తరు, ప్రార్థన చేస్తమంటరు. ఒద్దంటే రెండుసార్లు ఊకుంటరు, మూడోసారి మళ్ళొస్తరు.” కొంచెం ఆగి, “డాడీ వాళ్ళ చర్చిల నేను పోకుంటే ఎవ్వరికి తెల్వది” అంది.

ఆ పాత సంఘం సంగతి నాకు బాగా తెలుసు. కమిటీ ఎన్నిక మీద రెండు వర్గాలు, మూడు దావాలు. అందులో ఒకదానికి వకాల్తా నాదే. గంట ఉంది, ఆ గంట గది తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలన్నదానిమీదే మధ్యంతర పిటిషను నడుస్తోంది. పెద్దాయనకు ఈ సంగతి గుర్తుచెయ్యలేదు, ఆయనకూ తెలుసు.

లైసెన్సు

అయ్యగారి కుర్చీ వెనక గోడకు అద్దం కట్టిన సర్టిఫికెట్ ఉంది. ఇంగ్లీషు అక్షరాలు, బంగారు ముద్ర. ఏదో బైబిలు కాలేజీ మూడు నెలల కోర్సు చేయించి, రెవరెండ్ అని రాసి ఇచ్చింది. పెండ్లిళ్ళు చెయ్యడానికి అది చాలనుకున్నాడు.

చాలదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఇప్పటికీ నడుస్తోంది. వధూవరుల్లో ఒక్కరు క్రైస్తవులైనా సెక్షన్ 5లో చెప్పినవాళ్ళే పెండ్లి జరిపించాలి. బిషప్ చేత అభిషేకం పొందినవాళ్ళు, స్కాట్లాండ్ సంఘం పాదిరీలు, సెక్షన్ 6 కింద రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన బోధకులు, వివాహ రిజిస్ట్రారు, సెక్షన్ 9 కింద భారతీయ క్రైస్తవులకు వివాహ సర్టిఫికెట్ ఇచ్చే లైసెన్సు ఉన్నవాళ్ళు. ఇంకెవరు చేసినా సెక్షన్ 4 ప్రకారం ఆ పెండ్లి చెల్లదు. అధికారం లేకుండా జరిపిస్తే సెక్షన్ 68 కింద పదేండ్ల వరకూ జైలు. ఇక్కడ చట్టం అడిగేది సిద్ధాంతం కాదు. శనివారమా ఆదివారమా, కలలో వాక్కు వచ్చిందా, ఇవేవీ అక్కరలేదు. లైసెన్సు ఉందా? లేదు. ఎవడు షెడ్డు వేస్తే వాడే పాస్టరా అన్న పెద్దాయన ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఇంతే: ప్రార్థనకు అవును, పెండ్లికి కాదు.

బిడ్డ పెండ్లి వరకు దారి తేలికే. లైసెన్సున్న పాత సంఘం పాదిరిని అడిగితే, తిరిగి సంఘంలో చేరుతున్నట్టు రాసివ్వాలన్నాడు, ఆమె ఒప్పుకోలేదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చాం. ముప్పై రోజులాగి, ముగ్గురు సాక్షులతో రిజిస్ట్రారు ఆఫీసులో అయింది. మూడో సాక్షి పెద్దాయనే. షెడ్డులో ప్రార్థనకు మాత్రం లోపలికి రాలేదు. బయట వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని, అన్నం తిని, పోయాడు.

నా తప్పు ఇక్కడ ఉంది. ఈ ఒక్క పెండ్లి సంగతే చూసుకున్నాను. ‘మీరు ఇంతకుముందు ఎన్ని చేశారు’ అని అయ్యగారిని అడగడం నాకు రెండు నెలల దాకా తట్టలేదు. అడిగినప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టి పదకొండు అన్నాడు. సెక్షన్ 68 చదివి వినిపిస్తే నీళ్ళడిగాడు. తెలియక చేశాడన్నది నేను నమ్ముతాను, అయినా ఆ పదకొండు ఇండ్లకు అది ఊరట కాదు.

ప్రత్యేక వివాహ చట్టం సెక్షన్ 15లో, వేరే పద్ధతిలో జరిగి కలిసి కాపురం చేస్తున్న జంట తర్వాతైనా రిజిస్టర్ చేయించుకునే వీలుంది. భార్యాభర్తలు ఇద్దరూ వచ్చి సంతకం పెట్టాలి. అంగన్‌వాడీ ఆయా ఇల్లిల్లూ తిరిగి ఎనిమిది జంటలను తీసుకొచ్చింది. రెండు జంటలు భివండికి మగ్గాల పనికి పోయాయి, పండుగకు వస్తామన్నారు. పదకొండోది కాజీపేటలో, పెద్దాయన గల్లీలోనే. ఆ రెండు నెలల్లోనే మొగుడు ఇల్లు విడిచిపోయాడు. నేను మొదటి రోజే అడిగి ఉంటే ఇద్దరూ ఇంట్లోనే ఉండేవాళ్ళు.

సంఘం పనులు సగంసగం అయ్యాయి. కమిటీలో ఇంటివాళ్ళు ఇద్దరికి తగ్గారు. జాబితాలు దాఖలయ్యాయి, పాన్, బ్యాంకు ఖాతా సంఘం పేరుకు వచ్చాయి. స్థాపకుడి ఇంటికి లాభం చేరితే పన్ను మినహాయింపు పోతుందని చెప్పాక ఆ తొమ్మిది వేలను కమిటీ తీర్మానం చేసి జీతంగా రాస్తున్నారు. జాగ మాత్రం ఇంకా అమ్మగారి పేరుమీదే ఉంది. ధర్మకర్త కాయితం రాసిచ్చింది, గిఫ్టు డీడు కాలేదు. అయ్యగారు ఇంకా ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. బిడ్డ మూడు లక్షల కుదువ ఇంకా విడవలేదు.

పదకొండో జంట

ఆ అమ్మాయి తరఫున ఫ్యామిలీ కోర్టులో మనోవర్తి కేసు వేశాను, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 కింద. మొగుడి వకీలు కౌంటరు వేశాడు. అందులో మూడో పేరా తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది: సదరు రేకుల షెడ్డు చర్చి కాదు, దానికి గుర్తింపు లేదు, సదరు వ్యక్తి పాస్టరు కాదు, అందువల్ల వివాహమే జరగలేదు, పిటిషనరు నా భార్య కాదు.

తోటి వకీలు తప్పేమీ రాయలేదు. సెక్షన్ 4, సెక్షన్ 5 రెండూ సరిగ్గానే ఎత్తి చూపాడు. మనోవర్తి కేసుల్లో పెండ్లికి కచ్చితమైన రుజువు అక్కరలేదని, భార్యాభర్తలుగా కాపురం చేశారని కనపడితే చాలని 1999లో ద్వారికా ప్రసాద్ సత్పతి కేసులో సుప్రీంకోర్టు అన్నది. నా ఆధారం అదే. అంటే కాపురం చూసినవాళ్ళు కావాలి.

పెద్దాయన పాత ఫైలు వాపసు తీసుకోవడానికి వచ్చిన రోజు ఆ కౌంటరు నా బల్ల మీదుంది. గల్లీ అమ్మాయి కేసని తెలిసి, చూడొచ్చా అన్నాడు. ఆమెను ఫోనులో అడిగి ఇచ్చాను. కండ్లద్దాలు పైకి జరుపుకొని మూడో పేరా రెండుసార్లు చదివాడు.

“ఇవి నా మాటలే గద సార్.”

నేనేమీ అనలేదు.

“ఆ ఇద్దరు మూడేండ్లు మా గల్లీల కాపురమున్నరు. నీళ్ళ బిల్లు గూడ ఆయన పేరుమీదనే. గది నేను చెప్పొచ్చా?”

చెప్పొచ్చు అన్నాను.

“క్రాసుల షెడ్డు సంగతి అడిగితే?”

“మీకు తెలిసిందే చెప్పండి.”

“షెడ్డు అనే చెప్త” అన్నాడు. ఫైలు తాడు కట్టుకుంటూ, “కాపురం మాత్రం కాపురమే గద” అని లేచాడు. సాక్షుల జాబితాలో ఆయన పేరు రెండోది. వాయిదా వచ్చే నెల.